ఒక ప్యాడ్ ఇనుము దాకా అరిగింది, రెండోది సగమే అరిగింది

చప్పుడు మొదలైనప్పుడు నేను వానను తిట్టుకున్నాను. రాత్రంతా తడిసిన డిస్కు మీద పొద్దుటికి సన్నటి తుప్పు పొర పడుతుంది, రెండు మూడు బ్రేకులు పడేదాకా కీచుమంటుంది, అది మామూలే. వాన ఆగాక దుమ్మును తిట్టుకున్నాను. బండి కడిగితే రెండు రోజులు తగ్గినట్టే అనిపించింది. మూడో వారానికి ఆ కీచు గొంతు మారింది. మొదట్లో సన్నగా ఈల వేసినట్టు ఉండేది, ఇప్పుడు బరబరమని, బండ మీద రేకు ఈడ్చినట్టు. ముందు బ్రేకు నొక్కితే లివరు మీద వేళ్లకు గరగర తెలుస్తోంది. వెనక కూర్చున్న మా తమ్ముడు "అన్నా, నీ బండి పళ్లు నూరుతోందిరా బాబూ" అన్నాడు. వాడికి బండ్ల గురించి అఆలు తెలియవు. అయినా సరిగ్గా చెప్పాడు.

డిస్క్ బ్రేకుకి ఈ కూత పుట్టుకతో వచ్చిన జబ్బు. 1902లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ కారు డిస్క్ బ్రేకుకి పేటెంటు తీసుకున్నప్పుడు ప్యాడ్లకు, అంటే డిస్కును రెండు వైపులా పట్టి ఆపే ముక్కలకు, రాగి వాడాడు. లోహం మీద లోహం కదా, చెవులు చిల్లులు పడేలా అరిచేదట. మోటార్ సైకిళ్లలో అయితే ముందు చక్రానికి హైడ్రాలిక్ (ఆయిలు ఒత్తిడితో పనిచేసే) డిస్కు మామూలు జనం కొనుక్కునే బండి మీదికి వచ్చింది 1969లో, హోండా సీబీ750తో. నా బండి చేస్తున్నదీ లాంచెస్టర్ కారు చేసిన పనే. ప్యాడ్ మీది పదార్థం అయిపోయి, దాని వెనకున్న ఇనప పలక డిస్కును గీకుతోంది. ఈ సంగతి తెలియడానికి నాకు ఇంకో వారం పట్టింది, ఎందుకంటే చూడాల్సిన వైపు చూడలేదు.

నిజానికి నెల ముందే బండి నాకు కబురు పెట్టింది. హ్యాండిల్ మీద బ్రేకు ఆయిలు డబ్బాకి చిన్న గాజు కన్ను ఉంటుంది కదా, అందులో మట్టం కింది గీత దాకా దిగింది. పైపు పొడుగునా వేలు పెట్టి రాసి చూశాను, ఎక్కడా చెమ్మ లేదు. ఇంట్లో ఎప్పుడో తెరిచిన డాట్ 4 రకం బ్రేకు ఆయిలు డబ్బా ఉంటే కొంచెం పోసి, పై గీత దాకా నింపి, మూత బిగించాను. ఏదో పెద్ద పని చేసినట్టు చేతులు కూడా దులుపుకున్నాను. ఆయిలు తగ్గిందంటే ఎక్కడికో పోయి ఉండాలి. లీకు లేనప్పుడు అది పోయేది ఒక్కచోటికే, క్యాలిపర్‌లో పిస్టన్ల వెనక్కి. క్యాలిపర్ అంటే డిస్కును పట్టకారులా పట్టుకునే భాగం, అందులో ప్యాడ్లను డిస్కు మీదికి నెట్టేవి పిస్టన్లు. ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ ముందుకు జరుగుతుంది, ఆ ఖాళీ నింపడానికి పైనుంచి ఆయిలు దిగుతుంది. అంటే ఆ గాజు కన్ను ప్యాడ్ల అరుగుదలకి కొలబద్ద. ఆ కొలబద్దను నేనే చెరిపేశాను. దాని ఫలితం తర్వాత అనుభవించాను, చెబుతాను.

టార్చి పట్టుకుని మొదట చూసింది చక్రం ఊచల సందులోంచి. అక్కణ్నుంచి చక్రం వైపు ప్యాడ్ చక్కగా కనిపిస్తుంది. దాని మీద అరుగుదల గుర్తుగా ఒక నిలువు గాడి ఉంటుంది. అది మాయమైతే మార్చాలని లెక్క. గాడి ఇంకా ఉంది, పదార్థం రెండు మిల్లీమీటర్లకు పైనే ఉంది. ఇంకేం, బాగానే ఉందనుకుని లేచాను. ఆ వారమంతా అలాగే నడిపాను. ఇది రాస్తుంటే సిగ్గుగానే ఉంది. రెండో ప్యాడ్ క్యాలిపర్ ఒంటి కింద దాక్కుని ఉంటుంది. దాన్ని చూడాలంటే బండి ముందు బోర్లా పడుకున్నంత పని చేసి, కింది నుంచి టార్చి వేయాలి. చివరికి ఆ పని చేసినప్పుడు ఒక మూల మెరుస్తూ కనిపించింది. ప్యాడ్ మెరవకూడదు. మెరిసేది ఇనుము.

ఇక్కడే ఆగిపోయి ఆలోచించాను. రెండు ప్యాడ్లూ ఒకే రోజు వేసినవి, ఒకే డిస్కును పట్టుకునేవి, ఒకే లివరుకి పనిచేసేవి. ఒకటి ఇనుము దాకా పోయి, రెండోది సగమే ఎందుకు అరిగింది? అవి వేసి 11,000 కిలోమీటర్లయింది. అప్పుడు ఒక మెకానిక్ దగ్గర వేయించాను. పావుగంటలో చేసి ఇచ్చాడు, పాతవి చేతిలో పెట్టాడు, నేను చూడకుండానే చెత్తబుట్టలో పడేశాను. వాటిని పక్కపక్కన పెట్టి చూసి ఉంటే అప్పుడే తెలిసేదేమో. ఈసారి నేనే విప్పాలనుకోవడానికి కారణం డబ్బు మిగుల్చుకోవడం కాదు. ఆ తేడా ఎక్కణ్నుంచి వచ్చిందో నా కళ్లతో చూడాలనిపించింది. పైగా ఇప్పుడు పావుగంటలో చేసేవాళ్ల దగ్గరికి పోవాలని లేదు.

బ్రేకు అన్నాక భయం ఉంటుంది. చైను ఊడితే బండి ఆగుతుంది, బ్రేకు తప్పుగా బిగిస్తే ఆగదు. అందుకే నాకు నేనే ఒక షరతు పెట్టుకున్నాను. పని మధ్యలో ఏదైనా అర్థం కాకపోతే బండి అక్కడే వదిలేస్తాను, అంతేగానీ "ఇలాగే ఉండి ఉంటుందిలే" అని బిగించను.

ప్యాడ్లు కొనడం దగ్గర పెద్ద కథ లేదు. బండి మోడలు, తయారైన సంవత్సరం చెప్పి తెచ్చుకున్నాను, ఇంటికొచ్చాక వెనక పలక ఆకారం, పిన్ను దూరే కన్నం పాతదానితో సరిపోయాయో లేదో బయటినుంచే పోల్చుకున్నాను. రకం మాత్రం ఆలోచించాను. ఆర్గానిక్ ప్యాడ్లు మెత్తన, డిస్కును తక్కువ తింటాయి, చల్లగా ఉన్నప్పుడే బాగా పడతాయి, త్వరగా అరుగుతాయి. సింటర్డ్ అంటే లోహపు పొడిని వేడితో, ఒత్తిడితో ముద్ద చేసినవి. వేడికీ వానకీ బాగా తట్టుకుంటాయి, ఎక్కువకాలం వస్తాయి, కాని డిస్కు కూడా వాటికి తగ్గది ఉండాలి. నా బండికి కంపెనీ ఇచ్చింది ఆర్గానిక్, నేనూ అదే తీసుకున్నాను. కొన్ని ప్యాడ్ల వీపు మీద రెండు అక్షరాలు అచ్చు వేసి ఉంటాయి, ఎఫ్ఎఫ్, జీజీ, హెచ్‌హెచ్ ఇలా. మొదటిది చల్లగా ఉన్నప్పటి పట్టు, రెండోది వేడెక్కాక పట్టు. జీ అంటే ఘర్షణ గుణకం 0.45 నుంచి 0.55 వరకు, హెచ్ అంటే అంతకు మించి. గట్టి అక్షరం చూసి ఎగబడాల్సిన పని లేదు. నాలాగా రోజూ ఆఫీసుకి పోయి వచ్చేవాడికి చల్లటి బ్రేకే ముఖ్యం.

పనిముట్లు ఇంట్లో ఉన్నవే: రింగ్ స్పానర్లు, అలెన్ కీలు, పాత టూత్ బ్రష్, ఇంజెక్షన్ సిరంజి ఒకటి, గుడ్డలు, కట్టు తీగ ముక్క, సిలికాన్ గ్రీజు చిన్న డబ్బా. బోల్టును ఎంత బిగువుగా తిప్పామో కొలిచే టార్క్ రెంచ్ ఒక స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చాను. ముక్కుకి మాస్కు కట్టుకున్నాను. బ్రేకు ధూళిని నోటితో ఊదడం, గాలి గన్నుతో కొట్టడం మంచిది కాదు. ఒకప్పుడు ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండేది. ఇప్పటివాటిలో చాలావరకు లేకపోయినా ఆ నల్లటి పొడి ఊపిరితిత్తుల్లోకి పోవాల్సిన సరుకైతే కాదు. తడిగుడ్డతో తుడిస్తే గొడవే ఉండదు.

మొదటి తప్పు మొదటి అయిదు నిమిషాల్లోనే చేశాను. క్యాలిపర్‌ను ఫోర్కుకి (ముందు చక్రాన్ని పట్టుకునే గొట్టాలకి) పట్టి ఉంచే రెండు బోల్టులు విప్పేసి, డిస్కు మీంచి క్యాలిపర్ జారదీసి, చేతిలో పెట్టుకుని ప్యాడ్ పిన్ను విప్పబోయాను. రెండు ప్యాడ్లకీ అడ్డంగా దూరి వాటిని నిలబెట్టే పిన్ను అది. పైన చిన్న మూత స్క్రూ, దాని లోపల అలెన్ కన్నం. ఎంత తిప్పినా క్యాలిపర్ మొత్తం చేతిలో గిర్రున తిరుగుతోందే గానీ పిన్ను కదలడం లేదు. ఒకచేత్తో పట్టుకుని ఇంకోచేత్తో 11,000 కిలోమీటర్ల బురద పట్టిన మరను విప్పాలంటే ఎలా వస్తుంది? కీ జారి కన్నం గుండ్రంగా అరిగిపోతే ఇక డ్రిల్లు పెట్టడమే. మళ్లీ క్యాలిపర్ తీసుకెళ్లి డిస్కు మీద పెట్టి, బోల్టులు వేసి, అప్పుడు పిన్ను సడలించాను. కన్నంలో మట్టిని సూదితో గీకి తీసి, కీ అడుగుదాకా దిగిందో లేదో చూసుకుని, ఒక్క ఉదుటున తిప్పితే "టక్" అని వదిలింది. ఆ టక్ వినగానే నా వీపు కూడా సడలింది. క్యాలిపర్ బండి మీద ఉండగానే పిన్ను వదులు చేయాలి, పూర్తిగా తీయడం తర్వాత. ఇది ఎవరైనా ముందే చెప్పి ఉంటే అరగంట కలిసొచ్చేది.

క్యాలిపర్ ఊడాక దాన్ని పైపుకి వేలాడనివ్వకూడదు. నేను తీగ ముక్కతో ఫోర్కుకి కట్టేశాను. బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ సెన్సారు వైరు అక్కడే పోతుంది, దాని క్లిప్పు ముందే విప్పి పక్కకి జరిపాను.

పిన్ను లాగగానే ప్యాడ్లు అరచేతిలో పడ్డాయి. పక్కపక్కన పెట్టాను. చక్రం వైపుది 2.6 మిల్లీమీటర్లు, సమంగా అరిగింది. పిస్టన్ల వైపుది ఒక కొసన దాదాపు మిల్లీమీటరు ఉంది, రెండో కొసన అసలు లేదు. ఏటవాలుగా, చెక్కిన పెన్సిల్ లాగా అరిగింది. వెర్నియర్ క్యాలిపర్‌తో బ్రేకు క్యాలిపర్ ప్యాడ్లు కొలుస్తూ, రెంటికీ ఒకే పేరు పెట్టినవాడెవడో అనుకున్నాను. డిస్కు కూడా కొలిచాను. దాని మీదే కనిష్ఠ మందం 3.5 మిల్లీమీటర్లని అచ్చు ఉంది, నాది నాలుగైదు చోట్ల 3.8 చూపించింది. ఆ ఇనుము గీకిన వైపు గీతలు గోటికి తెలుస్తున్నాయి గానీ గోరు ఇరుక్కునేంత లోతు లేవు. ఇంకో వారం అలాగే తిరిగి ఉంటే డిస్కు కూడా మార్చాల్సి వచ్చేదే.

ఇక అసలు ప్రశ్న. నా బండిది ఫ్లోటింగ్ క్యాలిపర్, అంటే పిస్టన్లు ఒకవైపే ఉంటాయి. లివరు నొక్కితే పిస్టన్లు తమ వైపు ప్యాడ్‌ను డిస్కుకి అదుముతాయి. ఆ అదుముడికి క్యాలిపర్ మొత్తం ఎదురువైపుకి జరుగుతుంది, జరుగుతూ అవతలి ప్యాడ్‌ను లాక్కొచ్చి డిస్కు రెండో ముఖానికి ఆనిస్తుంది. ఇలా జరగడానికి క్యాలిపర్ రెండు పిన్నుల మీద (ఇవి ప్యాడ్ పిన్ను కాదు, వేరేవి) తలుపు గడియలా అటూ ఇటూ జారాలి. ఆ జారుడు ఆగిపోతే భారమంతా పిస్టన్ల వైపు ప్యాడ్ మీదే. ఒక పిన్ను జారి, రెండోది పట్టేస్తే క్యాలిపర్ వంకరగా తిరుగుతుంది, ప్యాడ్ ఏటవాలుగా అరుగుతుంది. నా చేతిలో ఉన్న ప్యాడ్ అచ్చం అదే చెబుతోంది.

క్యాలిపర్‌ను దాన్ని మోసే బ్రాకెట్ నుంచి లాగి చూశాను. మామూలుగా రెండు వేళ్లతో జరగాలి. ఒక పక్క జరిగింది, రెండో పక్క ససేమిరా అంది. ఇటూ అటూ ఊపుతూ, చెరుకు విరిచినట్టు మెలిపెడుతూ పది నిమిషాలు కుస్తీ పట్టాక ఊడింది. పై పిన్ను శుభ్రంగా, దాని మీద పాత గ్రీజు ఇంకా పల్చగా ఉంది. కింది పిన్ను చూస్తే ఎర్రటి తుప్పు, గ్రీజు ఎండిపోయి మైనంలా పేరుకుంది. కారణం కూడా పక్కనే దొరికింది. ఆ పిన్నుకి తొడిగే ముడతల రబ్బరు బూటు అంచున చీలింది, గోరంత చీలిక. ఆ చీలికలోంచి నీళ్లు పోయాయి, నేను బండి కడిగిన ప్రతిసారీ, వాన పడిన ప్రతిసారీ. దుమ్ము పోవాలని అక్కడే గట్టిగా నీళ్లు కొట్టిన మహానుభావుణ్ని కూడా నేనే.

పాత మెకానిక్‌ను నేను పూర్తిగా తప్పుపట్టలేను. అప్పటికి బూటు చీలి ఉందో లేదో ఇప్పుడు తేలే విషయం కాదు. కాని పిన్నులు తీసి చూడలేదని మాత్రం చెప్పగలను, పిన్నులు విప్పి గ్రీజు పెట్టే పని పావుగంటలో అవదు. నాకు ఒక్క పిన్నుకే గంట పట్టింది.

ఆ గంట ఎలా గడిచిందంటే, సన్నటి ఎమరీ పేపరుతో పిన్ను తుప్పును చుట్టూ తిప్పుతూ రుద్దాను, గుంతలు పడకుండా. అది దూరే కన్నంలో గట్టిపడ్డ పాత గ్రీజును పుల్లకి గుడ్డ చుట్టి గీకాను. ఆరేడు గుడ్డ పేలికలు నల్లగా బయటికి వచ్చాక తెల్లగా ఒకటి వచ్చింది. కొత్త బూటు కోసం ఆ పూట పని ఆపాల్సి వచ్చింది. క్యాలిపర్‌ను పాలిథిన్ సంచిలో చుట్టి, లివరుని ఎవరూ ముట్టుకోకుండా హ్యాండిల్‌కి ఒక చీటీ అంటించాను. ప్యాడ్లు లేనప్పుడు ఎవరైనా సరదాకి లివరు నొక్కితే పిస్టన్ బయటికి ఊడి వస్తుంది, అప్పుడు ఆయిలంతా నేల మీద. మా తమ్ముడు ఆ చీటీ చదివి మరీ లివరు మీద వేలు పెట్టబోయాడు. గట్టిగా అరిచాను.

రెండో రోజు బూటు తొడిగి, సిలికాన్ గ్రీజు పెట్టాను. మామూలు బేరింగు గ్రీజు ఇక్కడ వాడకూడదు. బ్రేకు రబ్బర్లకు పెట్రోలియం నూనె తగిలితే ఉబ్బిపోతాయి, ఉబ్బితే పిన్ను మళ్లీ పట్టేస్తుంది. అదే కారణంతో పిస్టన్లు తోమడానికి పెట్రోలు, డీజిలు కూడా దగ్గరికి రానివ్వలేదు. పిన్ను కన్నంలోకి దూర్చి తోస్తే లోపలి గాలి చిన్నగా మూలిగి బయటికి వచ్చింది, వదిలితే పిన్ను మెల్లగా తనంతట తనే కొంచెం వెనక్కి జరిగింది. అలా వెనక్కి జరగడం చూడటానికే నాలుగైదు సార్లు తోశాను.

పిస్టన్లు లోపలికి నెట్టేముందు వాటిని కడగాలి. ఎందుకో తెలుసుకున్నాక ఈ పని నాకు విసుగు అనిపించలేదు. పిస్టన్ చుట్టూ ఒక రబ్బరు రింగు ఉంటుంది. దాని కోత గుండ్రంగా కాదు, నలుచదరంగా ఉంటుంది. లివరు నొక్కితే పిస్టన్ ముందుకు పోతూ ఆ రింగు అంచును తనతోపాటు లాగుతుంది, రబ్బరు కొంచెం మెలిపడుతుంది. వదలగానే రబ్బరు తన ఆకారానికి వస్తూ పిస్టన్‌ను వెంట్రుకవాసి వెనక్కి లాగుతుంది. డిస్కుకీ ప్యాడుకీ మధ్య ఖాళీ ఆ వెంట్రుకవాసే. వేరే స్ప్రింగు ఏదీ లేదు. ప్యాడ్ అరిగితే పిస్టన్ ఆ రింగులోంచి కొంచెం ముందుకు జారి కొత్తచోట నిలబడుతుంది. డ్రమ్ము బ్రేకులా నట్టు తిప్పి బిగించాల్సిన పని డిస్కుకి లేకపోవడం ఈ రింగు పుణ్యమే. ఇప్పుడు బయటికి పొడుచుకొచ్చిన పిస్టన్ ఒంటినిండా 11,000 కిలోమీటర్ల మసి. దాన్ని అలాగే లోపలికి నెడితే ఆ మసంతా రింగు కిందికి పోతుంది. అందుకే సబ్బు నీళ్లు, టూత్ బ్రష్. పిస్టన్ వెనక వైపు కనిపించదు కాబట్టి గుడ్డ పేలికను దాని చుట్టూ వేసి, బూటు పాలిష్ చేసేవాడిలా రెండు కొసలూ పట్టుకుని లాగాను. ఆరాక కొత్త బ్రేకు ఆయిలు ఒక చుక్క వేలితో పూశాను.

ఇక నెట్టడం. నా క్యాలిపర్‌కి రెండు పిస్టన్లు. బొటనవేళ్లతో ఒకదాన్ని నొక్కితే అది లోపలికి పోయి, రెండోది బయటికి లేచింది. దాన్ని నొక్కితే ఇది లేచింది. ఏతాం ఆటలాగా కాసేపు నడిచాక, పాత ప్యాడ్‌ను రెండింటి మీదా అడ్డంగా పెట్టి, దాని మీద ఒత్తిడి సమంగా పడేలా రెండు చేతులతో మెల్లగా అదిమాను. జరుగుతున్నాయి. సంతోషంలో పైన ఆయిలు డబ్బా సంగతి మరిచిపోయాను.

గుర్తుందిగా, నెల క్రితం పై గీత దాకా నింపాను. అప్పుడు పిస్టన్ల వెనకున్న ఆయిలంతా ఇప్పుడు వెనక్కి తిరిగి పైకి వస్తోంది, పైనేమో చోటు లేదు. మూత వదులు చేసి ఉంచాను, చుట్టూ గుడ్డ కూడా కట్టాను. సిరంజితో ముందే సగం తోడేయాలని రాసి పెట్టుకున్న కాగితం జేబులోనే ఉంది. గుడ్డ తడిసి, దాని అంచు నుంచి ఒక చుక్క ట్యాంకు మీద పడటం చూశాను. తర్వాత ఇంకోటి. డాట్ 4 గ్లైకాల్ జాతి ద్రవం, రంగును పొక్కించేస్తుంది. గుడ్డతో తుడిస్తే ఇంకా పరుచుకుంటుందని తెలుసు కాబట్టి పరుగెత్తి బకెట్టు నీళ్లు తెచ్చి పోశాను. అది నీళ్లలో కలిసిపోతుంది, అదొక్కటే అదృష్టం. మొదటి చుక్క పడ్డచోట అప్పటికే రంగు మెత్తబడింది. బటానీ గింజంత మచ్చ మిగిలింది, వేలితో రాస్తే కొంచెం గరుకు.

ఆ పొంగిన ఆయిలు రంగు కూడా చూశాను. డాట్ 4 కొత్తది దాదాపు తేనె నీళ్ల రంగు, ఇది చిక్కటి టీ డికాషన్‌లా ఉంది. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి దిగుతుంది. దిగుడు దారిలో బ్రేకు మీదే బండి ఆపుకుంటూ వస్తే లోపల ఆవిరి బుడగలు పుట్టి లివరు స్పాంజిలా అయ్యేది ఇందుకే. ఇక నేను నింపింది ఏడాది క్రితం మూత తీసిన డబ్బాలోది. దాన్ని తీసుకెళ్లి బయట పెట్టేశాను.

బిగించడం విప్పినదానికి తిరగబడిన వరస, కాబట్టి పెద్దగా రాయను. రెండు విషయాలు మాత్రం. క్యాలిపర్ లోపల ప్యాడ్లను నొక్కి ఉంచే పల్చటి రేకు స్ప్రింగు తిరగేసినా దూరుతుంది, కానీ తిరగేస్తే ప్యాడ్లు గడగడలాడతాయి. విప్పేటప్పుడు ఫోన్‌తో తీసుకున్న ఫొటో లేకపోతే నేను తిరగేసే పెట్టేవాణ్ని. రెండోది, ప్యాడ్ చివర చెవి బ్రాకెట్ గాడిలో కూర్చున్నాకే పిన్ను వేయాలి. కూర్చోకపోయినా బలవంతం చేస్తే పిన్ను దూరిపోతుంది, అదే ప్రమాదం. కొత్త ప్యాడ్ ముఖానికి నా గ్రీజు వేలు ఒకసారి తగిలింది. వెంటనే బ్రేక్ క్లీనరుతో ఆ ప్యాడూ, డిస్కు రెండు ముఖాలూ తుడిచాను. ప్యాడ్ నూనె పీల్చుకుంటే ఇక దాన్ని బాగుచేయడం ఉండదు. క్యాలిపర్ బోల్టులకు నా బండి మాన్యువల్ 30 న్యూటన్ మీటర్లు చెబుతుంది, ప్యాడ్ పిన్నుకి 18. టార్క్ రెంచ్ 30 దగ్గర టిక్కుమన్నప్పుడు ఇంతేనా అనిపించింది. నా చేతికి వదిలేస్తే దానికి ఒకటిన్నర రెట్లు బిగించి, ఎప్పటికో అల్యూమినియం మరలు పీకి చేతిలో పెట్టుకునేవాణ్ని.

అన్నీ అయ్యాయి, బండి దించాను, తమ్ముడు "ఒక రౌండు వేసొస్తా" అని తాళంచెవి తీసుకున్నాడు. ఊరికే లివరు నొక్కి చూశాను. వేలికి ఏమీ తగల్లేదు. లివరు గాలిలో పోయినట్టు పోయి హ్యాండిల్‌కి ఆనింది. తెలిసిన విషయమే, చదువుకున్న విషయమే, పిస్టన్లు వెనక్కి నెట్టాం కాబట్టి అవి మళ్లీ ముందుకు వచ్చి ప్యాడ్లను తాకేదాకా బ్రేకు ఉండదు. అయినా కడుపులో చల్లగా అయింది. వాడు గేరు వేసి గేటు దాటి, మలుపు దగ్గర లివరు నొక్కి ఉంటే? తాళంచెవి లాక్కున్నాను. ఒకటి, రెండు, మూడు... ఏడోసారికి కొంచెం బిగువు తెలిసింది, పదకొండోసారికి లివరు సగందారిలో గట్టిగా నిలబడింది. ఆ తర్వాత బండి నెట్టుకుంటూ పదిసార్లు ఆపాను. అప్పుడు ఆయిలు మట్టం చూసి, రెండు గీతల మధ్యకి సరిచేసి, మూత బిగించాను. ముందు చక్రం పైకి లేపి తిప్పితే సన్నగా సుయ్‌మంటూ రెండు చుట్లు తిరిగి ఆగింది. కొత్త ప్యాడ్లు డిస్కును అంతమాత్రం ముట్టుకుంటాయి. పట్టేసి ఒక్క చుట్టు కూడా తిరగకపోతేనే అనుమానించాలి.

మొదటి రౌండు నేనే వేశాను. బ్రేకు పడుతోంది గానీ చెక్క ముక్కతో ఆపుతున్నట్టుంది. కొత్త ప్యాడ్ ముఖం చదునుగా ఉంటుంది, పాత డిస్కు ముఖం గీతలుగా ఉంటుంది, రెండూ అక్కడక్కడే తగులుతాయి. ఖాళీ రోడ్డు చూసుకుని, 50 నుంచి 15 దాకా మెల్లగా నొక్కి తగ్గించడం, మళ్లీ 50కి పోవడం, మధ్యలో డిస్కు చల్లారేలా కొంచెం దూరం నడపడం. ఇలా ఇరవై పైచిలుకు సార్లు. పూర్తిగా ఆపి లివరు పట్టుకుని నిలబడలేదు. వేడి డిస్కు మీద ప్యాడ్‌ను ఒకేచోట అదిమి ఉంచితే అక్కడ దాని అచ్చు పడుతుంది, తర్వాత లివరు కొట్టుకుంటుంది. పన్నెండోసారికి కాలిన వాసన వచ్చింది, కొంచెం సేపట్లో పోయింది. పద్దెనిమిదో సారికి లివరు మీద రెండు వేళ్లు చాలాయి. మొదటి రెండు వందల కిలోమీటర్లు ముందు బండికి మామూలుకంటే ఎక్కువ దూరం వదిలి నడిపాను.

వెయ్యి కిలోమీటర్లకు మళ్లీ బోర్లా పడుకుని టార్చి వేశాను. ఈసారి కింది వైపు నుంచే మొదలుపెట్టాను. తర్వాత ఊచల సందులోంచి చూశాను. కంటికి రెండూ ఒకటే మందం. నమ్మకం కుదరక ఒక ఆదివారం ప్యాడ్ పిన్ను తీసి కొలిచాను కూడా, ఒకటి 4.2, ఇంకోటి 4.3. పై కొస, కింది కొస సమానం. కింది పిన్ను రెండు వేళ్లతో జరిగింది.

ట్యాంకు మీద మచ్చ అలాగే ఉంది, పెట్రోలు పోయించుకున్నప్పుడల్లా కనిపిస్తుంది. బ్రేకు ఆయిలు మొత్తం మార్చే పని ఇంకా మిగిలే ఉంది. కొత్త డబ్బా తెచ్చి పెట్టాను, చిన్నదే తెచ్చాను. పని మొదలుపెట్టే రోజు దాకా దాని మూత తీయను.